పికప్ కొనేముందు కింద దూరి చూడు

ఏరా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండ్‌లో పికప్ తీసుకుంటున్నావని తెలిసి భలే సంతోషం వేసింది, వెంటనే కాస్త టెన్షన్ కూడా మొదలైంది. నాలుగు పేజీల నిండా టైర్లు, లైట్లు, ఇంజిన్ సత్తా, మిట్ట ఎక్కే తీరు రాశావు. బండి కిందకి దూరి చూశానని మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకే పనులన్నీ పక్కన పెట్టి కూర్చున్నాను. ఉత్తరం పొడుగైపోతుంది, ఓపిక పట్టు.

ముందు నువ్వడిగినదానికే వస్తాను. "రోడ్డు లేని చోట ఏది బాగా పోతుంది?" అన్నావు. హార్స్‌పవర్ సంగతి కాసేపు మర్చిపో. ముందు చక్రం నేలను తాకే చోటి నుంచి బంపర్ కింది అంచుకి ఒక గీత గీశావనుకో, ఆ గీత నేలతో చేసే కోణం ఎంత ఎక్కువుంటే బండి అంత నిటారు మిట్టకి ముక్కు తగలకుండా ఎక్కుతుంది. వెనక కూడా అదే లెక్క. పికప్‌కి అసలు ఇబ్బంది నడుం దగ్గర. టయోటా హైలక్స్ పికప్‌లో, రెండు వరుసల సీట్లుండే డబుల్ క్యాబ్‌కి, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 3,085 మి.మీ. ఉంటుంది. సుజుకి జిమ్నీ మూడు డోర్లదానికి 2,250 మాత్రమే. గట్టు మీదకి ముందు చక్రాలెక్కి దిగేసరికి జిమ్నీ అవతల ఉంటుంది, పికప్ పొట్ట గట్టుకి ఆనుకుని ఉంటుంది. పైగా వెనక తొట్టిలో బరువు వేస్తే కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, కుంగి, వెనక కోణం ఇంకా తగ్గిపోతుంది. బ్రోషర్‌లో వేసిన అంకె బరువు వేసిన బండిది అనుకోకు.

ఇక పట్టు సంగతి. ఖాళీ పికప్ వెనక తేలికగా ఉంటుంది కాబట్టి బురదలో వెనక చక్రాలు ఊరికే తిరిగేస్తాయి. ఇంజిన్ తోపుని ఎడమ, కుడి చక్రాలకి పంచే గేర్ల పెట్టెని డిఫరెన్షియల్ అంటారు. మామూలుది రెండు చక్రాలకీ సమానంగా తోపు ఇస్తుంది. వినడానికి బాగానే ఉంది కదా? ఒక చక్రం గాల్లోకి లేచిందనుకో, దాన్ని తిప్పడానికి పెద్ద తోపు అక్కర్లేదు. ఆ కాస్త తోపే నేల మీదున్న రెండో చక్రానికీ అందుతుంది. బండి అక్కడే నిలబడిపోతుంది. అందుకే నన్నడిగితే వంద హార్స్‌పవర్ ఎక్కువున్న బండి కన్నా వెనక డిఫరెన్షియల్ లాక్, మంచి లో గేర్ ఉన్న బండి మేలంటాను. లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒక్కటై కదులుతాయి. లో గేర్‌లో రాళ్ళ మీద నడక వేగంతో పోవచ్చు, దిగేటప్పుడు బ్రేకుల మీద భారం పడదు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి 18, 20 పీఎస్‌ఐకి దించు, మళ్ళీ రోడ్డెక్కి వేగం పెంచేముందు తప్పకుండా నింపు. పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ తోపు ఇచ్చేది అయితే, ఆరిన తారు రోడ్డు మీద దాన్ని వేసి ఉంచకు. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరు. ఆ తేడా ఎటూ పోలేక గేర్లన్నీ మెలిపడి బిగుసుకుంటాయి.

నీళ్ళ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తుప్పు కథ అక్కడే మొదలవుతుంది. కొత్త ఫోర్డ్ రేంజర్ పికప్ 800 మి.మీ. లోతు దాటుతుందని కంపెనీ చెబుతుంది, హైలక్స్‌కి 700. ఆ అంకె దాటడం గురించే చెబుతుంది, దాటాక బండి లోపల ఏం మిగిలిందో చెప్పదు. యాక్సిల్, అంటే ఇరుసు, నడిచి నడిచి వేడెక్కి ఉంటుంది. చల్లని నీళ్ళలో మునగగానే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుంటుంది. యాక్సిల్ ఊపిరి పీల్చుకోవడానికి బ్రీదర్ అని ఒక చిన్న గొట్టం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోయినా, దాని మూతి నీళ్ళలో ఉన్నా, సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికి లాగేసుకుంటుంది. నా బండికి ఒకసారి ఇదే జరిగింది. వాగు దాటి వచ్చాను, బండి చక్కగా నడుస్తోంది, ఏ శబ్దమూ లేదు. మూడు వారాల తర్వాత యాక్సిల్ నూనె దించితే పాలు కలిపినట్టు తెల్లబారి, జిగురుగా కారింది. అప్పటికే బేరింగ్ మీద తుప్పు మచ్చలు లేచాయి.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇదే. పికప్ ఇంత మొండిగా బతకడానికి కారణం కింద ఉన్న నిచ్చెన లాంటి ఛాసిస్. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, మధ్య మెట్ల లాంటి అడ్డకమ్మీలు. క్యాబిన్, తొట్టి, ఇంజిన్ అన్నీ దాని మీదే కూర్చుంటాయి. రాయి తగిలితే దానికి ఏమీ కాదు. దాన్ని చంపేది లోపల నిలిచిపోయిన తడి మట్టి. చాలా బండ్లలో ఆ దూలం డబ్బాలా బోలుగా ఉంటుంది. బురద సన్నటి రంధ్రాల్లోంచి లోపలికి చేరి, నీళ్ళు కారిపోయే కింది రంధ్రాలను మూసేస్తుంది. ఇక అది నెలల తరబడి తడి గుడ్డ చుట్టినట్టు ఇనుముకి అంటిపెట్టుకుని ఉంటుంది. అందులో ఉప్పు కూడా కలిసిందా, తుప్పు పరుగందుకుంటుంది. సముద్రపు గాలైనా, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పైనా ఒకటే. ఇనుముకి తుప్పు పడితే అది ఉబ్బుతుంది, పెంకులు పెంకులుగా లేస్తుంది, ఊడిపోతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది, మళ్ళీ అది తింటుంది. అల్యూమినియం పైపొర అలా ఊడిపోదు, అతుక్కుని లోపలిదాన్ని కాపాడుతుంది. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150కి అల్యూమినియం బాడీ వేశారు. అయినా కింద ఛాసిస్ ఉక్కుదే.

పెద్ద పేరున్న బండి కదా, దానికేం అవుతుందిలే అనుకుంటావేమో. టయోటా టకోమా మొండి బండి అని అందరూ ఒప్పుకుంటారు కదా. 1995 నుంచి 2000 దాకా అమెరికాలో అమ్మిన వాటిలో ఛాసిస్‌కి తుప్పు నుంచి సరైన రక్షణ లేదని తేలి, 2008లో కంపెనీ దాని మీద వారంటీని 15 ఏళ్ళకి పొడిగించింది. తుప్పు మరీ ముదిరిన బండ్లను వెనక్కి కొనేసింది కూడా. తర్వాతి మోడళ్ళకీ అదే గోల. 2016లో టకోమా, టండ్రా, సెకోయా కలిపి దాదాపు 15 లక్షల బండ్ల మీద కోర్టు కేసులో రాజీ కుదిరింది. ఇంజిన్లు చక్కగా ఉన్న బండ్లురా అవి. దాని గురించి చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

నా మొదటి పికప్ గుర్తుందా? కింద అంతా నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఎంత బాగా చూసుకున్నాడో అని మురిసిపోయాను. పైన పటారం, లోన లొటారం. నాలుగు నెలలకి వెనక చక్రం దగ్గర టక్ టక్ మని శబ్దం. కింద పడుకుని టార్చి వేసి, కమాన్ కట్ట తగిలించే కొక్కెం దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే చిల్లులోంచి గోధుమరంగు పొడి, దాంతో పాటు అరచేతి నిండా పెంకులు రాలాయి. దూలం అక్కడ గుల్లబారిపోయింది. మీద రంగు ఒక్కటే పట్టుకుని ఉంది. అదే కట్ట మీద అంతకు ముందు వారం నా వాళ్ళందరినీ ఎక్కించుకుని కొండ దిగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే నువ్వు వెళ్ళేటప్పుడు ఒక చిన్న సుత్తి, టార్చి, పాత చొక్కా పట్టుకెళ్ళు. ఛాసిస్ పొడుగునా సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తినేసిన చోట చెక్క మీద కొట్టినట్టు డొబ్ మంటుంది. ఆ తేడా వినగానే తెలిసిపోతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. వెనక ఇరుసు పైన దూలం వంపు తిరిగే చోట, కమాన్ కొక్కేల దగ్గర, స్టెప్నీ వేలాడే చోట, క్యాబిన్ కూర్చునే రబ్బర్ల దగ్గర ఎక్కువసేపు గడుపు. బ్రేక్ పైపుల వెంట వేలితో తడిమి చూడు, గరుకుగా ఉబ్బి ఉంటే మార్చాల్సిందే. పైపైన ఎర్రగా పూత పూసినట్టున్న తుప్పుకి భయపడకు, గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం లేచి వచ్చెయ్. కొత్తగా నల్ల రంగు వేసిన ఛాసిస్ కనబడితే, ఎప్పుడు వేశారో, ఎందుకు వేశారో అడుగు.

ఒకవేళ బండి బాగుండి తీసుకున్నావంటే, బురదలోకి వెళ్ళొచ్చిన రోజే కింద కడుగు. రేపు కడుగుదాంలే అని వదిలెయ్యకు. కింది రంధ్రాల్లోకి తీగ పెట్టి పొడిచి, పైపు మూతి దూలం లోపలికి దూర్చి, తేట నీళ్ళు వచ్చేదాకా వదులు. పూర్తిగా ఆరాక లోపలంతా పలచటి మైనం కొట్టించు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కూడా బాగా పట్టుకుంటుంది. కింద మందంగా వేసే రబ్బరు పూత మీద నాకు నమ్మకం తక్కువ. అది ఒక చోట చిట్లితే నీళ్ళు దాని కిందకి చేరి, మనకి కనబడకుండా తినేస్తాయి. మైనం పూత అయితే ఏడాదికోసారి మళ్ళీ కొట్టుకోవాలి, కానీ కింద ఏం జరుగుతోందో కనిపిస్తూ ఉంటుంది. బ్రీదర్ గొట్టాన్ని పొడిగించి పైకి, ఇంజిన్ దగ్గరికి తెప్పించడం మర్చిపోకు. అది చిన్న పనే.

శనివారం చూడ్డానికి వెళ్తున్నానన్నావు కదా. వెనక ఇరుసు పైన దూలం రెండు వైపులా, కమాన్ కొక్కేలు నాలుగూ, స్టెప్నీ వెనకాల, టార్చి వేసి దగ్గరగా ఫోటోలు తీసి పంపు. సుత్తితో తట్టేటప్పుడు ఫోన్‌లో రికార్డు చెయ్, ఆ శబ్దం నేను వినాలి. నేను ఫోన్ చేసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. శనివారం ఎక్కడికీ వెళ్ళను, ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను.

నీ
నేస్తం