తలా 25 వేల డాలర్లు మింగిన బాస్కెట్‌బాల్ జట్టు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉన్న మనవాళ్లు క్రీడా జట్లలో పెట్టుబడి పెట్టాలంటూ పోయిన ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. చిన్న లీగ్ బాస్కెట్‌బాల్ జట్టు ఒక మామూలు కారు ధరకే దొరుకుతుందని అందులో రాశారు. నిజమే, దొరుకుతుంది. మేం నలుగురం స్నేహితులం కలిసి ఒకటి కొన్నాం. ఏనుగును కొన్నంత సులువు కాదు మేపడం అని పెద్దలు అన్నది వినే ఉన్నాం గానీ, సంతకం పెట్టేటప్పుడు గుర్తుకు రాలేదు.

నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఊళ్లో టెక్సస్ లెజెండ్స్ అనే జట్టు ఉంది. అమెరికాలో అతిపెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ. అందులోని డాలస్ మావెరిక్స్ జట్టు తీసుకున్న మన భారతీయ ఆటగాడు సత్‌నామ్ సింగ్ ఆడింది ఈ లెజెండ్స్‌లోనే. పిల్లల్ని తీసుకుని చాలాసార్లు వెళ్లాం. హాలు కళకళలాడుతూ ఉండేది. అది చూసే మాకు ఈ ఆలోచన పుట్టింది. మా పొరపాటూ అక్కడే మొదలైంది.

లెజెండ్స్ ఆడేది జీ లీగ్‌లో. అంటే ఎన్‌బీఏ వాళ్ల సొంత చిన్న లీగ్. 2001లో మొదలుపెట్టారు, 2017 నుంచి గేటరేడ్ అనే డ్రింక్ పేరు మీద నడుస్తోంది. అందులో ఎక్కువ జట్లు ఎన్‌బీఏ జట్లవే. స్థానిక యజమాని ఉన్నచోట కూడా ఆటగాళ్ల ఖర్చు, కోచ్‌ల ఖర్చు పెద్ద జట్టు చూసుకుంటుంది. టికెట్లు, స్పాన్సర్లు, హాలు సంగతి స్థానికుడు చూసుకుంటాడు. ఎన్‌బీఏ జట్టు హ్యూస్టన్ రాకెట్స్ 2009లో రియో గ్రాండే వ్యాలీ వైపర్స్ అనే చిన్న లీగ్ జట్టుతో ఈ పద్ధతికి దారి వేసింది. 2018-19 సీజన్‌లో జీ లీగ్ ఆటగాడి జీతం 35 వేల డాలర్లు. ఆ జీతాల బరువు టికెట్లు అమ్మేవాడి నెత్తిన పడదు. పెద్ద జట్టుకి అది కుర్రాళ్లను తయారుచేసుకునే ఖర్చు, అంతే. లాభం రావాలని వాళ్లేమీ కూర్చోరు.

మేం కొన్నది ఆ లీగ్‌లో కాదు. పేరు రాయను, ఎవరికీ అనుబంధం లేని ఒక చిన్న లీగ్. ఫ్రాంచైజీ ఫీజు 10 వేల డాలర్లు. తలా 20 వేలు వేసుకుని 80 వేలు బ్యాంకులో పెట్టాం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొదటి రెండు నెలలూ జట్టు పేరు, లోగో, జెర్సీ రంగు మీదే వాదులాడుకున్నాం. వాట్సాప్‌లో ఓటింగ్ కూడా పెట్టాం.

తర్వాత లెక్కలు మొదలయ్యాయి. ఒక కాలేజీ జిమ్ అద్దెకు తీసుకున్నాం, ఆటకి 1,500 డాలర్లు. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ చూపిస్తే గానీ తలుపు తీయరు. రిఫరీలకు 600. ఆట మొదలవకముందే చేతిలో పెట్టాలి, లేకపోతే బట్టలు కూడా మార్చుకోరు (వాళ్లని తప్పుపట్టను, అంతకుముందు ఎంతమంది ఎగ్గొట్టారో). పదిమంది ఆటగాళ్లకి తలా 150. స్కోరు టేబుల్, సెక్యూరిటీ, అంబులెన్స్ కలిపితే ఒక్క సాయంత్రానికి దాదాపు 4 వేలు. టికెట్ 10 డాలర్లు. డబ్బిచ్చి కొన్నవాళ్లు సగటున 140 మంది. మిగతా కుర్చీల్లో మేం పంచిన పాసులవాళ్లు. పాప్‌కార్న్, కూల్‌డ్రింక్ డబ్బు జిమ్ వాళ్లదని అగ్రిమెంట్లో చిన్న అక్షరాల్లో ఉంది. హాలు మనది కాకపోతే పార్కింగూ మనది కాదు, తిండీ మనది కాదు. ఈ వ్యాపారంలో మిగిలే నాలుగు డబ్బులు అక్కడే ఉన్నాయని మాకు ఆలస్యంగా తెలిసింది.

బయటి ఊళ్ల ఆటలకి వ్యాను, పెట్రోలు, మోటెల్‌లో ఐదు గదులు, తిండి. అక్కడ టికెట్ డబ్బులో మాకు పైసా రాదు. ఒక శుక్రవారం ఎదుటి జట్టే రాలేదు, వాళ్ల దగ్గర వ్యానుకి డబ్బుల్లేవట. జిమ్ అద్దె కట్టాం, రిఫరీలకు ఇచ్చాం, టికెట్ డబ్బు తిరిగిచ్చాం. లీగ్ వాళ్లు మాకు గెలుపు రాసిచ్చారు.

ఒక్క రాత్రి మాత్రం జిమ్ నిండింది. హాఫ్‌టైమ్‌లో ఒక డాన్స్ స్కూల్ పిల్లల చేత కూచిపూడి చేయించాం. అరవై మంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మలు. హాఫ్‌టైమ్ అవగానే సగం హాలు ఖాళీ. మా సెంటర్ ఆటగాడు నా దగ్గరికొచ్చి, "సార్, వచ్చే వారం డాన్స్ చివర్లో పెట్టండి" అన్నాడు. నేను ఈ వ్యాపారంలో విన్న ఒకే ఒక్క మంచి సలహా అది.

పన్ను సంగతి కూడా మీ వ్యాసంలో ఉంది కాబట్టి చెబుతున్నాను. ఈ నష్టాన్ని జీతం మీద పన్నులో తగ్గించుకోవచ్చని మాకు జట్టు అమ్మినాయన చెప్పాడు. మా పన్ను లెక్కలు చూసే సీపీఏ (అకౌంటెంట్) నవ్వింది. పగలంతా ఉద్యోగం చేసుకుంటూ పైపైన చూసే వ్యాపారంలో నష్టాన్ని జీతంలోంచి తీసేసి చూపడం కుదరదు. పాసివ్ నష్టం కింద పక్కన పడి ఉంటుంది, అలాంటి ఆదాయమే ఇంకోటి వచ్చేదాకానో, జట్టును పూర్తిగా వదిలించుకునేదాకానో. కాదు, నిజంగా పనిచేశాం అనాలంటే ఒక దారి, ఏడాదిలో 500 గంటలు దాటినట్టు లెక్క చూపడం. మా నలుగురిలో అంత పనిచేసింది ఒక్కడే, వాడికీ ఇంట్లో గొడవలయ్యాయి.

ఇక నన్ను ఈ ఉత్తరం రాయించిన మాట. జట్ల విలువ ఏటా పెరుగుతుందని రాశారు. ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటో కింగ్స్‌ను 2013లో మన వివేక్ రణదివే బృందం 534 మిలియన్ డాలర్ల విలువకు తీసుకుంది. ఇంకో ఎన్‌బీఏ జట్టు ఫీనిక్స్ సన్స్ 2023లో 4 బిలియన్ల విలువకు పోయింది. బాగానే ఉంది. కానీ ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లే. 31వది కావాలంటే ఆ 30 మందిలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. మా లీగ్‌లో చెక్కు రాసినవాడికల్లా జట్టే. లీగ్‌కి ముఖ్యమైన రాబడి కొత్త జట్లు అమ్మడమే అయినప్పుడు, నా జట్టుకి ధర ఎందుకు పెరుగుతుంది? నా దగ్గర పాతది కొనే బదులు ఎవరైనా వాళ్ల దగ్గర కొత్తదే కొంటారు.

డబ్బున్నవాళ్లకీ ఇది కలిసిరాలేదు. కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అనే చిన్న లీగ్ 1946లో పెన్సిల్వేనియాలో పుట్టింది. 1999లో ఎన్‌బీఏ మాజీ ఆటగాడు ఐజయా థామస్ జట్లతో సహా ఆ లీగ్ మొత్తాన్ని సుమారు 10 మిలియన్లకు కొన్నాడు. మరుసటి ఏడాది ఆయన ఎన్‌బీఏ జట్టు ఇండియానా పేసర్స్‌కి కోచ్‌గా వెళ్లాడు. ఎన్‌బీఏలో కోచ్‌గా ఉంటూ మరో లీగ్‌కి యజమానిగా ఉండటం కుదరలేదు. 2001 ఫిబ్రవరిలో సీజన్ మధ్యలోనే ఆ లీగ్ మూతపడింది. ఆ ఏడాదే ఎన్‌బీఏ తన సొంత చిన్న లీగ్ తెరిచింది. ఆట తెలిసినవాడు, ఆ ఆటలో మహా ఆటగాడు, ఆయనకే అలా అయింది. మేం నలుగురం జావా రాసుకునేవాళ్లం.

మా 80 వేలూ సీజన్ సగం దాటేసరికి అయిపోయాయి. ఆటగాళ్లకి బాకీ పెట్టకూడదని తలా ఇంకో 5 వేలు వేసి ముగించాం. గ్యారేజీలో ఇప్పటికీ రెండు అట్టపెట్టెల జెర్సీలున్నాయి, అన్నీ డబుల్ ఎక్సెల్.

పోయిన నెల ఆ లీగ్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. కొత్త జట్లకు అవకాశం ఉన్న ఊళ్ల జాబితా. అందులో మా ఊరి పేరు కూడా ఉంది, ఈసారి ఫీజు 7,500.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సస్