దసరాకూ దీపావళికీ మధ్య మా దగ్గర పీసులు తీసుకున్నవాళ్ళకు

నమస్కారం. మొదట అసలు విషయం చెప్పేస్తాను. దసరా తర్వాత నుంచి దీపావళి దాకా మా అనంతపురం షెడ్డులో వాక్యూమ్ పద్ధతిలో పోసి మీకిచ్చిన 14 ఫైబర్ పీసుల మీద నాకు నమ్మకం లేదు. వాటిలో 9 రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరల పని చేసే కాంట్రాక్టర్లకు వెళ్ళిన మూతలు, 5 పాల వ్యాన్ల తలుపులు. పైకి చూస్తే ఏ లోపమూ కనిపించదు. అయినా పద్నాలుగూ వెనక్కి తీసుకుని కొత్తవి పోసి ఇస్తాను. తేవడం, పంపడం ఖర్చు నాదే.

ఎందుకిలా జరిగిందో తెలుసుకునే హక్కు మీకుంది.

ఫైబర్ పీసంటే గ్లాసు బట్టలో రెసిన్ అనే, గట్టిపడే జిగురు నింపి చేసేది. చేత్తో పూసే పనిలో రెసిన్ ఎక్కువ, గ్లాసు బట్ట తక్కువ పడుతుంది. వాక్యూమ్ పద్ధతిలో అచ్చు మీద బట్ట పొడిగా పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు టేపుతో మూసి, పంపుతో లోపలి గాలి లాగేస్తాం. అప్పుడు బయటి గాలి షీటు మీద చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. రెసిన్ తనంతట తానే బట్టలోకి పాకుతుంది. పీసు గట్టిదనమంతా ఆ నొక్కుడులోనే, లోపల గాలి మిగలకపోవడంలోనే ఉంది. అంటే పంపు బాగుంటేనే పీసు బాగుంటుంది.

వాన కోసం ఆకాశం కేసి చూసే జిల్లా మనది. వాన వల్ల దెబ్బతిన్నామని చెప్పడానికి నోరు రావడం లేదు. కానీ ఆ ముసురు రోజుల్లో షెడ్డు మూల పెట్టిన బట్ట చుట్టలు తేమ పట్టాయి. ఆ తేమంతా ఆవిరై పంపులోకి వెళ్ళింది. మాది ఆయిలుతో నడిచే పంపు. లోపల ఒత్తిడికి ఆవిరి మళ్ళీ నీళ్ళయి ఆయిల్లో కలిసిపోతుంది. పంపు వేడెక్కితే ఆ నీళ్ళు తిరిగి ఆవిరవుతాయి. ఇక పంపు ఎంత లాగినా తన ఆవిరిని తనే లాగుతున్నట్టు ఉంటుంది. దీనికి విరుగుడుగా పంపు మీదే చిన్న వాల్వు ఉంటుంది. అది తెరిచి ఉంచితే కొంచెం గాలి లోపలికి వచ్చి ఆవిరిని బయటికి తోసేస్తుంది. ఆయిలు పొగ కొడుతోందని మేమే దాన్ని మూసి పెట్టాం.

మరి ఎంత గాలి లాగిందో చూపే గేజి చూసుకోలేదా అని మీరడగొచ్చు. చూశాం. తప్పు జరిగింది అక్కడే. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే 973 మిల్లీబార్ల చుట్టుపక్కల ఉంటుంది. మా గేజి బయటి గాలి కన్నా లోపల ఒత్తిడి ఎంత తగ్గిందో పాదరసం అంగుళాల్లో చూపిస్తుంది. అందుకని ఎంత మంచి పంపు పెట్టినా మన ఊళ్ళో ముల్లు 28.7 అంగుళాలు దాటదు. సముద్రం ఒడ్డునున్న చెన్నైలో అయితే 30కి దగ్గరగా వెళుతుంది. ఆ రోజుల్లో ముల్లు 25 చూపిస్తుంటే, మన ఊరు ఎత్తు కదా అని సర్దుకుపోయాను. లెక్క కట్టి చూసుంటే తెలిసేది, లోపల దాదాపు 127 మిల్లీబార్లు, అంటే ఎనిమిదో వంతు గాలి, ఇంకా మిగిలే ఉందని.

లీకు పరీక్ష కూడా చేశాం. పంపుకూ అచ్చుకూ మధ్య ఉన్న వాల్వు మూసి అరగంట ఆగాం. ముల్లు కదలలేదు. షీటులో చిల్లు లేదని అది నిజమే చెప్పింది. పంపు చేరాల్సిన చోటికి చేరిందో లేదో ఆ పరీక్ష చెప్పదు. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ ఆ తేడాను నేను పట్టించుకోలేదు.

దీపావళి మరుసటి రోజు మా మేస్త్రీ పంపు దగ్గర కూర్చుని, "అన్నా, ఒకసారి ఇట్లా రా. ఆయిలు పాలటీ మాదిరుంది" అన్నాడు. పంపుకున్న చిన్న గాజు కిటికీలోంచి చూశాను. తేనె రంగులో తేటగా ఉండాల్సిన ఆయిలు నిజంగానే పాలు కలిపిన టీలా ఉంది. షెడ్డులో ఇంకా పంపని తలుపు ఒకటుంటే రంపంతో కోశాం. కోసిన అంచు మీద గోరు పెట్టి గీస్తే సూదిమొనంత గుంటలు వరసగా తగిలాయి. మధ్యలో ఒకచోట అరచేతి మేర బట్ట తెల్లగా, రెసిన్ అందక పొడిగానే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాగే పోసిన మూతలు గాలిమరల మీద అంత ఎత్తున గాలికి కొట్టుకుంటాయి, కింద మనుషులు పనిచేస్తుంటారు.

మీ దగ్గరున్న పీసు లోపలివైపు మార్కరుతో తేదీ రాసి ఉంటుంది, చూడండి. ఐదు రూపాయల బిళ్ళతో అంతటా తట్టండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, డొల్లగా ఉన్నచోట డబ్ డబ్ మంటుంది. శబ్దం బాగానే వచ్చినా తేదీ ఆ రోజుల్లోదైతే పంపించేయండి, సన్న గుంటలు బిళ్ళకు దొరకవు. ఇప్పటికే బిగించిన మూతలుంటే నాకు ఫోన్ చేయండి, దించే ఖర్చు కూడా మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఎంత గాలి మిగిలిందో నేరుగా మిల్లీబార్లలో చెప్పే డిజిటల్ గేజి కొన్నాం. దాన్ని పంపు దగ్గర కాకుండా అచ్చుకు అటు చివర పెడుతున్నాం. అంకె 10 లోపు రాకపోతే రెసిన్ డబ్బా మూతే తీయం. పంపును ముందు అరగంట ఊరికే తిప్పి వేడెక్కిస్తాం, పంపు మీది ఆ చిన్న వాల్వు తెరిచే ఉంటుంది. పొగ బయటికి పోవడానికి గొట్టం వేశాం. బట్టను బల్బులు పెట్టిన పెట్టెలో ఆరబెడుతున్నాం. కరెంటు పోతే గాలి వెనక్కి తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు, పక్కనే రెండో పంపు.

రెసిన్ అంతా నిండాక వాక్యూమ్ కొంచెం తగ్గిస్తాం. అది చూసి మళ్ళీ పంపు పోయిందని టెన్షన్ పడకండి. రెసిన్ను పలచగా ఉంచే స్టైరీన్ అనే ద్రవం 45 డిగ్రీల వేడిలో 27 మిల్లీబార్ల దగ్గరే మరుగుతుంది. రెసిన్ గట్టిపడేటప్పుడు తనే వేడెక్కుతుంది కాబట్టి, మరీ గట్టిగా లాగితే మనమే బుడగలు పుట్టించినట్టు అవుతుంది.

వీటివల్ల రోజుకు మూడు పీసులు పోసేవాళ్ళం రెండే పోస్తున్నాం. సంక్రాంతికి ఇస్తానన్న ఆర్డర్లు మూడు వారాలు వెనక్కి వెళతాయి, ముందు ఈ 14 పోయాలి. ఒప్పుకున్న రేటు పెంచను. అంతవరకు ఆగలేని వాళ్ళకు అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను. ఆ కోసిన తలుపు ముక్క షెడ్డు గుమ్మం పక్కనే పెట్టాను, వచ్చి చూసుకోవచ్చు.