సర్ఫ్‌బోర్డుకు మాటు వేసిన బాబాయ్ గారికి

అంతర్వేదిలో ఫైబర్ పడవలు బాగుచేసే బాబాయ్ గారూ, ఇది మీకే.

సర్ఫింగ్‌కి, అంటే బోర్డెక్కి అలల మీద సాగడానికి, ఇక్కడ మెత్తటి అలలొచ్చే రోజులే చూసుకుంటాను. నాకు విన్యాసాల కంటే నిలబడి తీరిగ్గా సాగడం ఇష్టం. అందుకే పొట్టి బోర్డు వద్దనుకుని తొమ్మిదడుగులది కొన్నాను. తీరా ఎక్కి చూద్దామని తెస్తుంటే ఆటో మీద తాడు తెగింది, బోర్డు కిందపడి అంచు చీలింది. అలాగే దింపితే లోపలి ఫోమ్ నీరు పీల్చేస్తుంది.

మీరు చేతిలో పని ఆపి వచ్చారు. వెంటనే రెజిన్, అదే ఆరితే గట్టిపడే జిగురు, పూసేయలేదు. "ఆయ్, లోపల థర్మాకోల్ అయితే దీనికి కరిగిపోద్దండి" అంటూ, రాలిన ఫోమ్ ముక్క మీద ఒక్క చుక్క వేశారు. అది గట్టిపడేదాకా నా పక్కనే కూర్చున్నారు. సర్ఫ్‌బోర్డు ఎన్నడూ ముట్టని మనిషికి ఎంత జాగ్రత్త! కరగలేదు. అప్పుడే గాజునారతో చేసిన ఫైబర్ మ్యాట్ అతికించారు. ఎండాక గరుకు కాగితంతో రుద్దుతూ, అరచేత్తో తడిమి చూస్తూ, అంచు నున్నగా తేల్చారు. నా టెన్షన్ అక్కడే సగం దిగింది.

డబ్బులిస్తే "ముందు తేలనివ్వండి బాబూ" అన్నారు.

తేలింది బాబాయ్ గారూ, బ్రహ్మాండంగా! వచ్చి చూస్తే మీ షెడ్డు మూసుంది. మీ కూలి బాకీ ఉన్నాను. ఆదివారం తెస్తాను, ఈసారి కాదనకండి.