షాక్ ట్రీట్‌మెంట్ ఇచ్చే ముందు ఇంట్లోవాళ్లకి తెలుగులో చెప్పండి

సంపాదకుడు గారికి,

నరసన్నపేట, టెక్కలి వైపు ఇప్పటికీ మనిషి మాట్లాడ్డం మానేసి మూలన కూర్చుంటే గాలి సోకిందని ముందు మంత్రం వేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్తారు. అక్కడ డబ్బులు వదిలాక విశాఖ బయల్దేరతారు. తీరా డాక్టరు ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్, అనగానే 'కరెంటు పెడతారట' అని హడలిపోయి ఇంటికి తెచ్చేసుకుంటున్న వాళ్లున్నారు.

మా చిన్నాన్న కోడలికి కాన్పయ్యాక ఇదే వచ్చింది. నోట్లో పెట్టిన ముద్ద మింగేది కాదు, బుగ్గలో అలాగే ఉండిపోయేది, చెయ్యి పైకెత్తితే ఎత్తినట్టే ఉంచేసేది. ఇలాంటి స్థితిలో, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వదలని తీవ్రమైన డిప్రెషన్‌లో, మందుల కంటే ఈసీటీ త్వరగా పనిచేస్తుంది. ఆమె కూడా కొన్ని షాకులయ్యాక తనే కలుపుకుని తింది. కానీ ఆసుపత్రిలో ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు తప్ప, జ్ఞాపకాలు కొన్ని పోవచ్చని ఒక్కరూ చెప్పలేదు. బిడ్డ బారసాల ఆమెకి గుర్తు లేకపోయేసరికి బుర్ర పాడు చేసేశారని ఇంట్లో గొడవై, మందులు కూడా మాన్పించేశారు. మళ్లీ మొదటికొచ్చింది.

ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేదా?

సినిమాల్లోలా మెలకువగా ఉన్న మనిషిని కట్టేసి కరెంటు పెట్టరు. 1938లో రోమ్‌లో మొదలైన కొత్తలో మత్తు లేకుండా ఇచ్చేవాళ్లు, ఎముకలు విరిగేవి, ఆ భయం అప్పటిది. ఇప్పుడు పరగడుపున తీసుకెళ్లి, మత్తిచ్చి, కండరాలు సడలే ఇంజెక్షన్ చేసి, తలకి కొన్ని సెకన్లు కరెంటు ఇస్తారు. మామూలుగా వారానికి 2, 3 సార్లు, మొత్తం 6 నుంచి 12. మత్తు లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే నిషేధించింది. మైనర్లకైతే పెద్దవాళ్ల అంగీకారంతో పాటు ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కూడా ఉండాల్సిందే. తలనొప్పి, కాసేపు అయోమయం ఉంటాయి. ఆ రోజుల సంగతులు కొన్ని మర్చిపోతారు, కొందరికి అవి ఎప్పటికీ తిరిగి రావు కూడా. షాకులయ్యాక మందులు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, చదువురాని వాళ్లకి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యాధికారులు ఈ మేరకు ఆదేశాలిచ్చేలా మీ పత్రిక గట్టిగా అడగాలి.

— ఒక పాఠకురాలు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా