బూస్టర్ డబ్బాలో లేనిది ఫిల్టరే

సంపాదకుడు గారికి,

నమస్కారం. అపార్ట్‌మెంట్లలో జనం పెట్టుకుంటున్న సెల్ సిగ్నల్ బూస్టర్ల (బలహీనంగా ఉన్న సిగ్నల్ని పెంచే డబ్బాల) గురించి మీ జిల్లా పేజీలో వార్త వేశారు, సంతోషం. కానీ మొదటి నుంచి చివరిదాకా అందులో ఒకటే మాట, అనుమతి లేదు, అనుమతి లేదు అని. చదివినవాళ్ళకి ఏమనిపిస్తుందంటే, ఏదో కాగితం తెచ్చుకుంటే అయిపోయే వ్యవహారం అనిపిస్తుంది. కాదండీ. లైసెన్సు లేకుండా ఇలాంటివి పెట్టుకోవడం 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ నేరమే, ఒప్పుకుంటాను, కానీ ఆ డబ్బాతో వచ్చే చిక్కు కాగితంలో లేదు, డబ్బా లోపల ఉండాల్సింది ఉండకపోవడంలో ఉంది.

నేను గవర్నర్‌పేటలో ముప్ఫై ఏళ్ళు టీవీలు బాగుచేసినవాణ్ణి. ఇప్పుడు మానేశాను, కళ్ళు ఆనడం లేదు. మేముండేది మొగల్రాజపురం కొండ పక్కన, కింది ఫ్లోర్‌కి సిగ్నల్ సరిగ్గా అందదు. అక్కడుండే పెద్దాయన కొడుకు అమెరికాలో ఉంటాడు, మాట మధ్యలో తెగిపోతోందని విసిగిపోయి ఆయన ఆన్‌లైన్లో ఒక బూస్టర్ తెప్పించుకున్నాడు. ఆయనకి నాలుగు గీతలూ వచ్చాయి. వారం తిరక్కుండా పై ఫ్లోర్ల వాళ్ళకి ఫోన్లు తెగడం మొదలు. అందరం కలిసి టవర్ కంపెనీని తిట్టుకున్నాం, మా సెక్రటరీ రెండుసార్లు కంప్లయింట్ కూడా పెట్టాడు. చివరికి నేను వాటర్ ట్యాంకు చూడ్డానికి టెర్రస్ ఎక్కితే చిన్న యాంటెనా, దాన్నుంచి కిందికి దిగిన వైరు కనిపించాయి. ఆపించిన గంటలో అందరి ఫోన్లూ కుదుటపడ్డాయి. పెద్దాయన మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. "మరి నేను మావాడితో ఎట్లా మాట్లాడాలయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్నకి మీ వార్తలో కూడా జవాబు లేదు, తర్వాత వస్తాను దానికి.

ఆ డబ్బా విప్పి చూశాను. ఆంప్లిఫయర్ ఐసీలు ఉన్నాయి, నాలుగు కాయిల్సు, నాలుగు కెపాసిటర్లు ఉన్నాయి. ఫిల్టర్ అని చెప్పుకోదగ్గది, అంటే కావాల్సిన ఫ్రీక్వెన్సీలని పోనిచ్చి మిగతావాటిని ఆపేది, ఒక్కటీ లేదు. పెట్టె మీద మాత్రం అన్ని నెట్‌వర్కులకీ పనిచేస్తుందని పెద్ద అక్షరాలు!

కలర్ టీవీలు విప్పిన మెకానిక్ ఎవరినైనా అడగండి, ఐఎఫ్ బోర్డు (ట్యూనర్ నుంచి వచ్చిన సిగ్నల్ని సర్దే బోర్డు) మీద అయిదు కాళ్ళతో సా (SAW) ఫిల్టర్ అని ఒకటుండేది. బొమ్మ 38.9 మెగాహెర్ట్జ్ మీద, సౌండు దానికి 5.5 కింద ఉండేవి, ఆ రెంటినీ రానిచ్చి మిగతావాటిని ఆపడం దాని పని. అంతకుముందు ఆ పనికి వరసగా కాయిల్సు పెట్టి ఒక్కొక్కటీ తిప్పి ట్యూన్ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న సెల్‌ఫోన్లో అదే జాతి ఫిల్టర్లు బియ్యపు గింజకంటే చిన్నవి పదుల సంఖ్యలో ఉంటాయి. అది పనిచేసే తీరు చెబితే మా మనవడు నమ్మలేదు. ఒక స్ఫటికం ముక్క మీద దువ్వెన పళ్ళలా సన్నటి అల్యూమినియం గీతలుంటాయి. వాటికి సిగ్నల్ ఇస్తే స్ఫటికం వణుకుతుంది, ఆ వణుకు చెరువులో అలలాగా దాని పైపైనే పాకుతుంది, అవతల ఇంకో దువ్వెన ఆ అలని మళ్ళీ కరెంటుగా మారుస్తుంది. పళ్ళ మధ్య దూరానికి సరిపోయిన ఫ్రీక్వెన్సీ అలలే బలపడతాయి, మిగతావి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతే ఈ అల పోయేది నాలుగు కిలోమీటర్లే. అందుకే గాలిలో 33 సెంటీమీటర్ల పొడవుండే 900 మెగాహెర్ట్జ్ తరంగం స్ఫటికం మీదికి వచ్చేసరికి నాలుగున్నర మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కుదించుకుపోతుంది. ఒక్కో పన్ను వెడల్పు మైక్రాన్‌కి కాస్త పైన. ఇలాంటి దువ్వెనని 1965లో అమెరికాలో వైట్, వోల్ట్‌మర్ అనే ఇద్దరు చేసి చూపించారు.

ఇంత చిన్నదైనా దీని డిజైన్ ఎప్పుడూ బేరమే. అవ్వా కావాలి బువ్వా కావాలి అంటే కుదరదు. ఎక్కువ వెడల్పు బ్యాండ్‌ని, అంటే ఫ్రీక్వెన్సీల వరసని, పట్టాలంటే కరెంటుకి గట్టిగా స్పందించే స్ఫటికం కావాలి, లిథియం నియోబేట్ లాంటిది, కానీ వేడికి దాని ఫ్రీక్వెన్సీ బాగా కిందికి జారుతుంది, డిగ్రీకి పది లక్షల్లో డెబ్భై అయిదు వంతుల దాకా. క్వార్ట్జ్‌ని సరిగ్గా కోస్తే దాదాపు కదలదు, కాకపోతే దాని స్పందన ఎంత తక్కువంటే సన్నటి బ్యాండ్‌కి తప్ప పనికిరాదు. మధ్యేమార్గంగా లిథియం టాంటలేట్ వాడతారు, అది డిగ్రీకి నలభై వంతులు జారుతుంది. పైన గాజు పూత పూస్తే జారడం తగ్గుతుంది, ఎందుకంటే ఆ గాజు వేడెక్కేకొద్దీ గట్టిపడే రకం. కానీ పూత వేస్తే స్పందన కొంత చస్తుంది, నష్టం కొంత పెరుగుతుంది, ఖర్చు ఎలాగూ పెరుగుతుంది. బ్యాండ్ అంచు గోడలా నిటారుగా తెగాలంటే ఫిల్టర్లో మెట్లు (ఒకదాని తర్వాత ఒకటి వడకట్టే దశలు) ఎక్కువ పెట్టాలి, పెట్టినకొద్దీ లోపలే పవర్ కరిగిపోతుంది. పవర్ హెచ్చుతగ్గుల్ని కొలిచే లెక్క డెసిబెల్, 2 డెసిబెల్స్ పోతే పవర్లో మూడో వంతుకి పైనే పోయినట్టు. ఇక పవర్ ఎక్కువ తోస్తే ఆ సన్నటి అల్యూమినియం పళ్ళే అరిగి చెడిపోతాయి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పళ్ళు ఇంకా సన్నబడతాయి కాబట్టి ఆ బాధ ఇంకా ఎక్కువ. అందుకే పై ఫ్రీక్వెన్సీల్లో అల పైపైన కాకుండా పలచటి పొర మందంలో పైకీ కిందికీ ఊగే బా (BAW) ఫిల్టర్లు వాడతారు, అవి ఖరీదెక్కువ. మన టీవీ ఫిల్టర్లో అయితే ఇంకో తమాషా ఉండేది. అల రెండు దువ్వెనల మధ్య ముందుకీ వెనక్కీ కొట్టుకుంటే తెర మీద బొమ్మ పక్కన దెయ్యంలా రెండో బొమ్మ పడేది, అది పడకుండా కావాలనే సిగ్నల్ని బాగా చంపి పంపేవాళ్ళు. పోయినదాన్ని పూడ్చడానికి ముందు ఒక ట్రాన్సిస్టర్ పెట్టేవాళ్ళు. ఫోన్లో బ్యాటరీ ముఖ్యం కాబట్టి ఆ చిట్కా పనికిరాలేదు, డిజైనే మార్చేశారు.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, మన దేశంలో 800 బ్యాండ్‌లో టవర్ నుంచి ఫోన్‌కి దిగే సిగ్నల్ 869 నుంచి 889 మెగాహెర్ట్జ్ దాకా. 900 బ్యాండ్‌లో ఫోన్ నుంచి టవర్‌కి ఎక్కేది 890 నుంచి 915. మధ్యలో గట్టు ఒక్క మెగాహెర్ట్జ్. లిథియం టాంటలేట్ లెక్కన 40 డిగ్రీల వేడి పెరిగితే 890 దగ్గర ఫిల్టర్ అంచు 1.4 మెగాహెర్ట్జ్ కిందికి జారుతుంది, అంటే గట్టు దాటి పక్కవాడి పొలంలో కాలుపెట్టినట్టే. బెజవాడ మే నెలలో, మిట్టమధ్యాహ్నం టెర్రస్ మీద రేకు డబ్బాలో, ఆంప్లిఫయర్ వేడి కూడా కలిస్తే, ఏసీ గదికంటే 40 డిగ్రీలు ఎక్కువవడం పెద్ద వింత కాదు. మంచి ఫిల్టరున్న పరికరానికే ఇంత టెన్షన్, ఫిల్టరే లేనిదాని సంగతి మీరే ఊహించుకోండి. దానికి 889కీ 890కీ తేడా తెలియదు, ఇంట్లో ఫోన్ మాటతో పాటు తన సొంత గోల కూడా పెంచి నేరుగా టవర్ చెవిలో ఊదుతుంది. టెర్రస్ యాంటెనా, ఇంట్లో యాంటెనా దగ్గరగా ఉంటే పందిట్లో మైకు కూత పెట్టినట్టు కూత కూడా పెడుతుంది. ఆ కూత మనకి వినపడదు, టవర్‌కి వినపడుతుంది. అప్పుడు ఆ టవర్ మీదున్న మిగతా అందరి ఫోన్లూ దెబ్బతింటాయి.

అందుకే తక్కువ ధరకి అన్ని నెట్‌వర్కులకీ పనిచేసే బూస్టర్ అనేది అబద్ధం అంటున్నాను. అన్ని బ్యాండ్లకీ కావాలంటే ఎక్కే సిగ్నల్‌కి ఒకటి, దిగేదానికి ఒకటి, బ్యాండ్‌కి రెండు చొప్పున ఫిల్టర్లు పెట్టాలి, ఆ ధరకి రాదు.

నా కోపం కొన్న పెద్దాయన మీద కాదు. ఏ బ్యాండ్‌కో, పక్క బ్యాండ్‌ని ఎన్ని డెసిబెల్స్ ఆపుతుందో, ఎంత వేడిదాకా ఆ మాట మీద నిలబడుతుందో పెట్టె మీద ఒక్క ముక్క రాయకుండా అమ్మేవాళ్ళ మీద. తనిఖీలకి వచ్చేవాళ్ళు టెర్రస్‌లెక్కి యాంటెనాలు పీక్కుపోతున్నారు, అమ్మే చోటికి వెళ్ళడం మాత్రం నాకు కనిపించలేదు. అలాగే కంపెనీలు కూడా, కొండ పక్కన, సెల్లార్లలో, కింది ఫ్లోర్లలో సిగ్నల్ అందదని రాసిచ్చినవాళ్ళకి తమ బ్యాండ్‌కి సరిపోయిన రిపీటర్ (సరైన ఫిల్టర్లున్న బూస్టర్) తామే పెట్టివ్వాలి. నెలనెలా రీచార్జి తీసుకుంటున్నప్పుడు ఆ మాత్రం అడగడం అత్యాశ ఏం కాదు.

ప్రస్తుతానికి పెద్దాయనకి ఫోన్లో వైఫై కాలింగ్ ఆన్ చేసిచ్చాను. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది కాబట్టి కొడుకుతో సుఖంగా మాట్లాడుతున్నాడు, కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు మాత్రం నన్ను పిలుస్తాడు. మీ వార్తలో అనుమతి గురించి రాసిన చోట ఈ ఒక్క సంగతి రాసి ఉంటే ఎంతోమందికి పనికొచ్చేది. బ్రాడ్‌బ్యాండ్ లేని ఇళ్ళవాళ్ళు ఏం చేయాలో కంపెనీలనే అడిగి వేయండి. ఆ డబ్బా నా దగ్గరే ఉంది, మీ విలేకరి ఎవరైనా వస్తే విప్పి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాత టీవీ మెకానిక్,
మొగల్రాజపురం, విజయవాడ