మా హెల్మెట్ల చీటీల్లో తప్పు, ఇకపై రాసే తీరు

యుద్ధకాలపు పాత హెల్మెట్లు అమ్మే మా అనంతపురం అంగడికి వచ్చేవాళ్ళకూ, వాట్సాప్‌లో ఫోటో చూసి డబ్బు పంపేవాళ్ళకూ ఈ మాట. ముందు తప్పు సంగతి.

బెంగళూరు ఆదివారం సంత నుంచి తెచ్చిన పోయిన లాట్‌లో పళ్ళెం ఆకారం ఉక్కు హెల్మెట్లు 7 ఉన్నాయి. అన్నిటికీ ‘రెండో ప్రపంచ యుద్ధం, బ్రిటిష్ సైనికుల హెల్మెట్, మార్క్ 2’ (అంటే ఆ హెల్మెట్ రెండో నమూనా) అని ఒకే చీటీ కట్టి అమ్మాం. వాటిలో 3 సైన్యానివి కావు. విమానదాడుల కాలంలో వీధుల్లో తిరిగిన వార్డెన్లకు, పౌర రక్షణ సిబ్బందికి ఇచ్చిన తక్కువ రకం ఉక్కువి. అంచు అడుగున ముద్ర చూడకుండా ఆకారం చూసి రాసేశాం. ఆ చీటీతో కొన్నవాళ్ళు హెల్మెట్ తెచ్చిస్తే మొత్తం డబ్బు వాపసు. ఉంచుకుంటామంటే ధరలో మూడో వంతు వెనక్కి ఇస్తాం. గడువు పెట్టలేదు.

ఇకపై ప్రతి చీటీ మీదా నాలుగే ఉంటాయి: ముద్రలోని అక్షరాలు ఉన్నవున్నట్టు, అయస్కాంతం అంటిందా లేదా, తూకం, మేం మార్చిన భాగాలు. ‘యుద్ధంలో వాడినది’ అనే మాట తీసేశాం. ముద్ర చూస్తే ఆ ఉక్కు చిప్పను ఏ ఏడాది ప్రెస్సులో కొట్టారో తెలుస్తుంది, అది ఎవరి తల మీదికి ఎక్కిందో తెలియదు. ఇంఫాల్ నుంచి వచ్చింది, బర్మా నుంచి వచ్చింది అని సంతలో చెప్పే కథ నిజమే కావచ్చు. కాగితం లేని కథకు మాత్రం ఇక ధర కలపం.

మీ దగ్గరున్న పళ్ళెం హెల్మెట్‌ను మీరే చూసుకోవచ్చు. బోర్లా తిప్పి, గడ్డం పట్టీ కొక్కేల దగ్గర అంచు అడుగున టార్చి ఏటవాలుగా కొట్టండి. నేరుగా కొడితే రంగు మెరుపు తప్ప ఏమీ కనబడదు. ఒకవైపు తయారీదారు పొడి అక్షరాలు, ఏడాది ఉంటాయి. రెండోవైపు ఉక్కు బ్యాచ్ సంఖ్య. రంగు మందంగా ఉంటే పలచటి కాగితం పరిచి పెన్సిల్ పక్కవాటుగా రుద్దండి, అక్షరాలు కాగితం మీదికి తేలతాయి. బ్లేడుతో గీకొద్దు. ఆ రంగే సగం సాక్ష్యం. బి.ఎం.బి. అంటే బ్రిగ్స్ మోటార్ బాడీస్, జె.ఎస్.ఎస్. అంటే జోసెఫ్ శాంకీ అండ్ సన్స్, హెచ్.బి.హెచ్. అంటే హారిసన్ బ్రదర్స్ అండ్ హౌసన్. కార్ల బాడీలు కొట్టే ప్రెస్సుల్లోనే తలకాయల చిప్పలూ కొట్టారన్నమాట. ఎం.ఎస్. అని కనబడితే మైల్డ్ స్టీల్, అంటే మామూలు మెత్తటి ఉక్కు. మేం చూడకుండా వదిలేసిన ముద్ర అదే.

ప్రభుత్వ సొత్తు అని కొట్టే బాణం గుర్తు కూడా చూడండి. బాణానికి ‘ఐ’ అక్షరం తోడుంటే భారత్ ముద్ర, ‘సి’ అక్షరం లోపల ఉంటే కెనడా, రెండు ‘డి’ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా, ‘యు’ లోపల ఉంటే దక్షిణాఫ్రికా.

అంచులో చిన్న రంధ్రాలుంటే అది తక్కువ రకం అని సంతలో గట్టిగా చెబుతారు. సగమే నిజం. పరీక్షలో తప్పిన చిప్పలకు అంచులో రంధ్రాలు పొడిచి పౌర రక్షణకు పంపిన మాట వాస్తవమే. అయితే దక్షిణాఫ్రికాలో చేసినవాటికి వెనకవైపు అంచులో వరుసగా 3 రంధ్రాలు మామూలుగానే ఉంటాయి, అవి సైన్యానివే. కాబట్టి రంధ్రాలు లెక్కపెట్టి తీర్పు చెప్పొద్దు, ముద్రతో కలిపి చూడండి. అంచు చుట్టూ జతలు జతలుగా రంధ్రాలుండి, వాటిలోంచి తాడు అల్లి లోపలి పట్టీలు కట్టి ఉంటే, నడినెత్తి కాస్త ఎత్తుగా కూడా ఉంటే అది అసలు మార్క్ 2 కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త సాలీ జుకర్‌మన్ రూపొందించిన పౌర హెల్మెట్. ఇది మైల్డ్ స్టీల్.

అయస్కాంతం పరీక్ష గురించి ఎక్కువమంది అడుగుతున్నారు. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన మాంగనీస్ ఉక్కుతోనే బ్రిటిష్ సైన్యపు పళ్ళెం హెల్మెట్లు, అమెరికా సైన్యపు ఎం1 నమూనా హెల్మెట్ చిప్పలు కొట్టారు. 12 శాతం చుట్టుపక్కల మాంగనీస్ ఉన్న ఆ ఉక్కును అయస్కాంతం లాగదు, లాగినా అంటీ అంటనట్టు ఉంటుంది. నడినెత్తిన, నుదుటి దగ్గర, పక్కన, మూడు చోట్ల పెట్టి చూడండి. స్క్రూకు, రివెట్లకు, అంచు పట్టీకి అంటితే కంగారు పడొద్దు, అవి వేరే లోహం. చిప్పకే ఠక్కున అతుక్కుంటే మైల్డ్ స్టీలో, తర్వాతి కాలపు నకలో.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. అంటలేదు కాబట్టి అసలుది అనుకుంటారు. షూటింగుల కోసం అల్యూమినియంతో, ఫైబర్‌తో చేసినవాటికీ అయస్కాంతం అంటదు! అందుకే తూకం. లైనర్‌తో, అంటే తలకు తగిలే లోపలి భాగంతో కలిపి మార్క్ 2 సుమారు 1.1 కిలో, ఎం1 సుమారు 1.3 కిలో తూగాలి. అర కిలో దగ్గరే ముల్లు ఆగితే అది సినిమా సరుకు. కూరగాయల కాటా చాలు దీనికి.

ఎం1 మన వైపు అరుదు. అమెరికా సేనలు అస్సాం, బర్మా రంగంలో ఉన్నప్పుడు వచ్చినవి కొన్ని తిరుగుతూ ఉంటాయి. నుదుటి భాగం లోపల అంకెలు, ఒక అక్షరం కలిపి కొట్టి ఉంటే మెకార్డ్ కంపెనీది. ‘ఎస్’ ఉంటే ష్లూటర్ కంపెనీది. గడ్డం పట్టీ తగిలించే కొక్కెం కదలకుండా అతికి ఉంటే 1941 నుంచి 1943 మధ్యది. కింద పడ్డప్పుడు ఆ కొక్కేలు విరిగిపోతున్నాయని 1943లో అటూ ఇటూ ఊగే కొక్కేలకు మార్చారు. అంచు పట్టీ అతుకు మొదట్లో ముందువైపు ఉండేది, 1944 చివర్లో వెనక్కి వెళ్ళింది. అంచు నుంచి వెంట్రుకవాసి బీట పైకి పాకి ఉంటే పుట్టీ పెట్టి దాచొద్దు. ప్రెస్సులో లాగినప్పుడు ఉక్కులో మిగిలిపోయిన బిగువు వల్ల యుద్ధకాలపు చిప్పలకు వచ్చే బీట అది. అది ఉందని మేం ధర తగ్గించం, దాచి ఉంటే మాత్రం కొనం.

జర్మన్ హెల్మెట్లు మా దగ్గర అడగొద్దు. మాకు సంతల్లో ఎదురైనవి దాదాపు అన్నీ నకళ్ళే, లేదా ఇంకో దేశానివి రంగు మార్చినవి. మీకెక్కడైనా ఎదురైతే గాలి రంధ్రం, అంచు చూడండి. ఎం35, ఎం40, ఎం42 అనేవి జర్మన్ నమూనాల పేర్లు: ఎం35కి విడిగా దిగగొట్టిన చిన్న గొట్టం ఉంటుంది, ఎం40కి చిప్పలోనే పొడిచిన గట్టు ఉంటుంది, ఎం42కి అంచు లోపలికి మడవకుండా బయటికి వాలి ఉంటుంది. వెనక పైన నలుచదరపు కొక్కెం రివెట్లతో బిగించి ఉంటే అది హంగరీది. ఎంత గుర్తులు అంటించినా జర్మన్ అవదు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటివి ఈ నెల నుంచి అమ్మకం ఆపేశాం. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, అది మాకు లేదు. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు అసలే కుదరదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు పార్సిల్ అడుగుతున్నారు, దయచేసి ఇక అడగొద్దు. చిక్కేమిటంటే 1916, 1917 నాటి చిప్పలకే రెండో యుద్ధం ముందు కొత్త లైనర్ బిగించి మళ్ళీ వాడారు. లైనర్ మీద 1939 అని ఉన్నంత మాత్రాన చిప్ప 1939ది కాదు. అలాంటివి 2 మా దగ్గర ఉన్నాయి, అద్దాల బీరువాలో చూడొచ్చు, కొనడానికి లేవు.

శుభ్రం చేసే పద్ధతీ మార్చాం. ఇదివరకు గరుకు కాగితంతో రుద్ది కొత్త రంగు కొట్టి ఇచ్చేవాళ్ళం. అది రెండు విధాలా చెడ్డ పని. అసలు రంగు పోతుంది, పాత రంగులో సీసం ఉంటే ఆ దుమ్ము ఊపిరిలోకి వెళుతుంది. ఇప్పుడు తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, గట్టి మైనం పలచగా పూసి వదిలేస్తున్నాం. తుప్పు పొడిగా, గోధుమరంగులో ఉంటే దాని జోలికి పోం. నారింజ రంగులో పొడి రాలుతుంటేనే మెత్తటి ఇత్తడి బ్రష్. నడినెత్తి స్క్రూ పట్టేసి ఉంటే ఒక్క చుక్క నూనె వేసి ఒక రోజు ఆగాలి. అదే రోజు తిప్పితే తల తెగి చేతికొస్తుంది. తోలు పట్టీకి ఆముదం, కొబ్బరినూనె పూయొద్దు. కొన్నాళ్ళకు తోలు మెత్తబడి కుట్లు తెంపుకుంటుంది.

లైనర్‌ను బ్రష్‌తో దులపకండి. పళ్ళెం హెల్మెట్ల లోపలి భాగాల్లో, పాత గ్యాస్ మాస్కుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చని 2014లో బ్రిటన్‌లో పాఠశాలలను హెచ్చరించారు, పిల్లల చేతికి ఇవ్వొద్దన్నారు. గ్యాస్ మాస్కులు అందుకే మేం తేవడం లేదు. హెల్మెట్ల లైనర్ పైన పలచటి ప్లాస్టిక్ కవర్ కట్టి ఇస్తాం, ఇంట్లో విప్పొద్దు.

మన ఎండకు ఒక జాగ్రత్త. రేకుల గదిలో, మేకుకు గడ్డం పట్టీతో వేలాడదీయొద్దు. 80 ఏళ్ళ నాటి సాగే పట్టీలో రబ్బరు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, ఒక మధ్యాహ్నం తెగి హెల్మెట్ బండల మీద పడుతుంది. చిన్న కుండ మూతి మీద బోర్లించి పెట్టండి, చాలు. సోలా టోపీ కొన్నవాళ్ళకు ఇంకో సంగతి: అది సోలార్ కాదు, సోలా, అంటే మన జీలుగు బెండు. పురుగుకు బెండంటే పండగ. వేపాకు పొడి మూట పక్కన పెట్టి, నెలకోసారి లోపలి గుడ్డ పైకెత్తి పిండిలాంటి పొడి రాలుతోందేమో చూడండి. తడి తగిలితే మాత్రం దానికి మందు లేదు.

బుల్లెట్ బండి మీద పెట్టుకోవడానికి అడిగేవాళ్ళకు అమ్మం. ఈ చిప్పలు పైనుంచి పడే ఇనుప ముక్కలను ఆపడానికి చేసినవి, రోడ్డు మీద పడ్డ తలను కాపాడే మెత్తటి పొర వీటిలో లేదు. బండికి మన దేశపు హెల్మెట్ ప్రమాణం ఐ.ఎస్. 4151 ముద్ర ఉన్నదే కొనుక్కోండి.

పాత 7లో 4 మా లెక్క ప్రకారం సరైనవే, అయినా కొన్నవాళ్ళు అంచు అడుగు ఫోటో పంపితే కొత్త చీటీ రాసి పోస్టులో పంపుతాం, పోస్టు ఖర్చు మాదే. టార్చి పక్కనుంచి కొట్టి తీయండి, రెండు వైపులా తీయండి. ఒక్క ఫోటో పంపి ‘ఇదేంటన్నా?’ అంటే మళ్ళీ ఆకారం చూసి చెప్పాల్సి వస్తుంది, ఆ పని మానేశాం.