ఆ టిక్కు శబ్దం గురించి

చిన్నా,

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మొదటిసారి చూసింది మీ అమ్మ. మురిసిపోయి, నిద్రపోతున్న మీ నాన్నని కూడా లేపి చూపించింది. తర్వాతి మూడుసార్లూ చూసింది మాత్రం ఈ లెగో ముక్కలతో పదేళ్లకు పైగా కుస్తీ పడుతున్న మనిషి. అందుకని మెచ్చుకోలు ఒక్క మాటలో ముగిస్తాను: ఆ జెయింట్ వీల్ తొట్లు ఊగే తీరు నాకెప్పుడూ అంత బాగా కుదరలేదు. ఇక అసలు సంగతికొస్తాను.

12వ సెకను దగ్గర ‘టిక్’ మంది. నువ్వు పెట్టిన పాట హోరులో నీకు వినబడి ఉండదు. మళ్లీ 31వ సెకనులో ఇంకోసారి. మధ్యలో 19 సెకన్లు. నీ గేర్ల లెక్క వేసి చూశాను. మోటారు భారం లేనప్పుడు నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతుంది. స్క్రూలా ఉండే వార్మ్ గేరు తను ఒక చుట్టు తిరిగితే ఎదుటి గేరుని ఒక్క పన్నే జరుపుతుంది. అది 24 పళ్ల గేరుని తిప్పుతోంది కాబట్టి వేగం 24 రెట్లు తగ్గింది. అదే ఇరుసు మీదున్న 8 పళ్లది చక్రానికున్న 40 పళ్లదాన్ని తిప్పుతోంది, అక్కడ ఇంకో 5 రెట్లు. మొత్తం 120 రెట్లు. అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి 18, 19 సెకన్లు. నీ టిక్కు సరిగ్గా చుట్టుకొకటి వస్తోందన్నమాట. అదే మూడు నాలుగు సెకన్లకోసారి వస్తే 24 పళ్ల గేరుని అనుమానించేదాన్ని. అంతకన్నా గబగబా వస్తే మోటారు వైపు చూసేదాన్ని.

ఏ తొట్టి పైకెక్కుతుంటే వస్తోందో కూడా చూశాను. ఎర్రది. ఆర్డరిచ్చిన పెద్దాయన మనవడి కోసం ఆ ఒక్క తొట్టినీ పెద్దదిగా కట్టమన్నారని చెప్పావు కదా, అది మిగతావాటికి రెట్టింపు బరువుంటుంది. అది ఎక్కేటప్పుడు ఆ 8 పళ్ల గేరు మీద బలం పడుతోంది. ఆ గేరున్న ఇరుసు చూడు, ఒక పక్క బీమ్‌లో, అంటే చిల్లుల పట్టీలో ఉంది, రెండో కొస గాలిలో ఉంది. బరువు పడగానే అది వెంట్రుకవాసి పక్కకి వంగుతుంది, ఒక పన్ను దాటేస్తుంది. అదే టిక్కు.

నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఎర్ర తొట్టిలోంచి ఇద్దరు బొమ్మ మనుషుల్ని తీసేసి, శబ్దం పోయిందని సంబరపడతావు. అలా చెయ్యకు. ఆ పిల్లాడు అందులో ఇద్దర్ని కాదు, రబ్బరు, గోలీలు, చేతికి ఏది దొరికితే అది పెడతాడు. ముందు ఎదురు తొట్టిని కూడా అంతే బరువు చెయ్యి. చిన్న గేరుని పక్కకి తప్పించి చక్రాన్ని ఊరికే వదులు. ఎటు తిప్పి వదిలినా ఎర్రదే కిందికొచ్చి ఆగుతుంటే ఇంకా సరిపోలేదన్నట్టు. ఏ తొట్టి దగ్గర పడితే అక్కడ ఆగుతుంటే సరిపోయినట్టు. తర్వాత ఆ ఇరుసు రెండో కొసకి కూడా ఒక బీమ్ ఆధారం ఇవ్వు. 8 పళ్లదానికీ 40 పళ్లదానికీ మధ్య దూరం 24 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఇటుక మీద మూడు బొడిపెలంత. అడ్డంగా ఎన్ని బీములైనా పెట్టు, ఆ దూరం మాత్రం కదలకూడదు.

నా మొదటి క్రేన్ కథ నీకు పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నువ్వు రెండో తరగతి. పసుపు రంగు క్రేన్, మూరెడు ఎత్తు, తాడు చుట్టుకునే డ్రమ్ముకి పెద్ద మోటారు. కట్టడానికి ఐదు వారాలు పట్టింది. మన టేబుల్ మీద ఎన్నిసార్లు తిప్పినా ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. ఎందుకు మొండికేస్తుంది? తిప్పింది నేనే కదా. కొక్కెం పైదాకా రాగానే స్విచ్ ఆపేదాన్ని. అది నాకు అలవాటైపోయి, ఆపాలన్న సంగతి క్రేన్ కొన్నవాళ్లకి చెప్పాలని కూడా తట్టలేదు.

నాలుగు రోజులకి వాళ్ల ఫోను. ఆవిడ చాలా మర్యాదగా, “ఏదో తిరుగుతున్న చప్పుడు వస్తోందండీ, తాడు మాత్రం కదలట్లేదు” అంది. పిల్లాడు కొక్కెం పైకొచ్చాక కూడా స్విచ్ ఆపలేదు. తాడు తెగలేదు, మోటారు ఆగలేదు. మధ్యలో ఉన్న ఇరుసు పిండిన బట్టలా మెలితిరిగిపోయింది, ఆ పక్క గేరు పళ్లు అరిగిపోయాయి. సరే, ఒక ఇరుసు, ఒక గేరు, మార్చుకోవచ్చనుకున్నాను. ఎక్కడున్నాయో చెప్పడానికి నోరు తెరిచాక గానీ తెలిసిరాలేదు. మోటారుని బురుజు అడుగున పెట్టి, చుట్టూ గోడలు కట్టి, పైన అంతస్తులు లేపాను. అది తియ్యాలంటే క్రేన్ సగం కూల్చాలి. ఆవిడకి ఆ మాట చెప్పలేక, కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుని వెనక్కి తెప్పించుకున్నాను. పెట్టె విప్పేసరికి సగం దానంతటదే కూలి ఉంది. రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కట్టాను. ఆ రెండు రాత్రులూ నువ్వు టేబుల్ కింద పడుకుని నిద్రపోయావు.

అప్పటినుంచి రెండు పనులు మానలేదు. మొదటిది క్లచ్ గేరు. తెల్లగా ఉంటాయి, 24 పళ్లవి, మీద చిన్న అక్షరాలతో 2.5, 5.0 అని బలం కొలత అచ్చేసి ఉంటుంది. బలం ఆ హద్దు దాటితే పళ్లు ఆగిపోయి, మధ్యభాగం లోపల జారుతుంది. ఇంకేదీ విరగదు. నీ వార్మ్ గేరు తిప్పుతున్నది కూడా 24 పళ్లదే కాబట్టి దాన్ని తీసేసి ఇది పెట్టు, లెక్క మారదు. వార్మ్ గేరుతో ఒక సుఖం, ఒక కష్టం ఉన్నాయి. కరెంటు ఆపగానే చక్రం ఉన్నచోటే నిలబడుతుంది, వెనక్కి జారదు. కానీ పిల్లాడు చక్రాన్ని చేత్తో తిప్పాలని చూస్తే వార్మ్ గేరు ససేమిరా అంటుంది. ఆ బలమంతా పళ్ల మీద పడుతుంది. పిల్లలు తప్పకుండా చేత్తో తిప్పుతారు చిన్నా. నువ్వు తిప్పేవాడివి. ఒక్కటి గుర్తుంచుకో, చక్రం బరువు సరిచెయ్యకుండా క్లచ్ పెడితే ఎర్ర తొట్టి ఎక్కేటప్పుడు అదే జారిపోయి చక్రం ఆగిపోవచ్చు. అందుకే ముందు బరువు, తర్వాత క్లచ్.

రెండో పని మోటారు సొరుగు. ఇప్పుడు నా ఏ మోడల్‌లో అయినా మోటారు, దాని వెంట వార్మ్ గేరు కలిపి ఒక చిన్న పెట్టెలా కడతాను. రెండు పొడుగు పిన్నులు లాగితే ఆ పెట్టె వెనకనుంచి బయటికొచ్చేస్తుంది. బ్యాటరీ డబ్బా కూడా అంతే, మూత వైపు ఏ అలంకారం ఉండకూడదు. నువ్వు జెయింట్ వీల్ వెనక కట్టిన టికెట్ కౌంటరు ముచ్చటగా ఉంది, కాదనను. కానీ అది సరిగ్గా బ్యాటరీ మూతకి అడ్డంగా ఉంది. కౌంటరుని ఒక్క ముక్కగా ఎత్తి పక్కన పెట్టేలా చెయ్యి, లేదా ముందుకి మార్చు.

బ్యాటరీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన డబ్బాలో 6 పెన్సిల్ సెల్లు. మామూలువి ఒక్కోటి 1.5 వోల్టులు, మొత్తం 9. రీఛార్జ్ సెల్లు ఒక్కోటి 1.2, మొత్తం 7.2. నువ్వు కొత్త సెల్లతో వీడియో తీసి మురిసిపోతావు. వాళ్లు రీఛార్జ్‌వి వేసుకుని ‘ఏంటి, ఇంత మెల్లగా తిరుగుతోంది’ అంటారు. రెండిటితోనూ చూడు. సగం అయిపోయిన పాత సెల్లతో కూడా చూడు, అప్పుడే రాపిడి ఎక్కడుందో బయటపడుతుంది. అది తిరుగుతుంటే నువ్వు ముందు కూర్చోకు, వేరే పని చూసుకో. రెండు గంటలయ్యాక వచ్చి చూడు. చాలాసార్లు ఇరుసులు మెల్లగా పక్కకి నడిచి, గేరు బీమ్‌కి ఆనుకుని రాసుకుంటూ ఉంటుంది. నీ కళ్ల ముందు పది నిమిషాల్లో అది జరగదు.

కంప్యూటర్‌లో డిజైన్ చేస్తున్నావని విన్నాను. మంచిదే, ముక్కల జాబితా దానంతటదే వస్తుంది. కానీ తెర మీద రాపిడి ఉండదు, వేళ్లు పట్టవు అన్న బాధా ఉండదు. ఇంకో తిరకాసు రంగులు. తెర మీద ఏ ముక్కకైనా ఏ రంగైనా వేసెయ్యొచ్చు. ఆ ముక్కని ఆ రంగులో ఎప్పుడూ పోత పొయ్యకపోయినా అది నిన్ను ఆపదు. నీ నేరేడు రంగు బీములు అసలు ఉన్నాయో లేవో విడి ముక్కలు అమ్మే బ్రిక్‌లింక్ వెబ్‌సైట్‌లో చూసుకుని గానీ ఆర్డరిచ్చిన పెద్దాయనకి మాటివ్వకు. ఒక్కో ముక్క ఒక్కో దుకాణంలో దొరికితే ముక్కల ఖరీదు కన్నా రవాణా ఖర్చు ఎక్కువవుతుంది. రంగు మార్చుకోవడమే చవక.

మోటార్ల విషయంలో ఆయనకి ఒక సంగతి రాసి ఇవ్వు. నువ్వు వాడినవి 2007లో వచ్చిన పవర్ ఫంక్షన్స్ రకం. 2018 నుంచి వచ్చిన పవర్డ్ అప్ వాటి ప్లగ్గు వేరు, దీనికి పట్టదు. మూడేళ్ల తర్వాత మోటారు పోతే ఆయన ఏదో ఒకటి కొనుక్కొచ్చి బాధపడకూడదు. కొత్తవాటిని ఎక్కువగా ఫోను యాప్‌తో నడుపుతారు. అవి ఎందుకు వాడలేదని అడిగితే, చక్రం తిప్పడానికి ఫోను వెతుక్కోవడం ఎందుకని నేను అనుకుంటానని చెప్పు. ఇది నా చాదస్తమే అనుకో, కానీ స్విచ్ నొక్కితే తిరిగేదంటేనే నాకిష్టం.

పేరు దగ్గర జాగ్రత్త. నీ పోస్టరులో ‘లెగో జెయింట్ వీల్’ అని పెద్దక్షరాలతో వేశావు. లెగో వాళ్లు ఇటుకకి పేటెంటు దరఖాస్తు చేసింది 1958లో, అది ఎప్పుడో తీరిపోయింది. ఇటుక ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడం కుదరదని యూరప్ న్యాయస్థానం కూడా 2010లో తేల్చేసింది. అయితే పేరు, ఆ ఎర్ర గుర్తు మాత్రం వాళ్లవే. ‘లెగో ముక్కలతో నేను కట్టిన జెయింట్ వీల్, దీనికీ ఆ కంపెనీకీ సంబంధం లేదు’ అని రాయి, గుర్తు తీసెయ్. వేరే కంపెనీ ముక్క ఒక్కటి కలిసినా అది కూడా రాయి. ఆ తొట్ల డిజైన్ ఎక్కడైనా కొన్న సూచనల పుస్తకంలోది అయితే, కట్టి అమ్ముకోవచ్చా అని దాన్ని తయారుచేసినవాళ్లని అడుగు. పుస్తకం కొంటే మన ఇంట్లో కట్టుకోవడానికి కొన్నట్టు, అమ్మకానికి కాదు. నీదే అయితే నా మాట వెనక్కి తీసుకుంటాను, ఇంకా గర్వపడతాను.

ధర గురించి ఎక్కువ చెప్పను, నాకే సరిగ్గా చేతకాదు. ముక్కల బిల్లులు దాచుకో, నీ గంటలు రాసుకో. గంటల్లో విప్పి మళ్లీ కట్టినవి కూడా వెయ్యి. మొహమాటానికి వాటిని కొట్టేసి ధర తగ్గించకు, నేను ఏళ్ల తరబడి అదే చేశాను. ముక్కలకి ముందే డబ్బు తీసుకో.

పంపేటప్పుడు చక్రం, కాళ్లు, తొట్లు విడివిడిగా సంచుల్లో కట్టి పంపు. సెల్లు తీసేసి పంపు. ఎలా కలపాలో ఎనిమిది ఫొటోలు తీసి పెట్టు. మోటారు పెట్టె బయటికి లాగే ఫొటో వాటిలో తప్పకుండా ఉండాలి. అది మీ నాన్నకిచ్చి చూడు. ఆయన ఎవరినీ అడగకుండా లాగగలిగితే ఎవరైనా లాగగలరు.

ఈ కవరులో రెండు తెల్ల క్లచ్ గేర్లు పెట్టాను. ఒకటి బిగించు, ఒకటి ఆయనకి స్పేర్‌గా పంపు. మళ్లీ వీడియో తీసేటప్పుడు పాట పెట్టకు. నువ్వూ మాట్లాడకు. చక్రం మూడు చుట్లు తిరిగేదాకా ఊరుకో, నేను వినాలి.

అమ్మ